అద్దానికి అతుక్కుపోయిన ‘మాయాబజార్’ స్టిల్‌ను విడదీసిన తీరు: నా అనుభవం

మా తాతగారు పటం కట్టించుకున్న 1957 నాటి ‘మాయాబజార్’ నలుపు తెలుపు స్టిల్, ఏళ్ల తరబడి చెమ్మ తగిలి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. హెయిర్ డ్రయ్యర్, ఫ్రీజర్, సన్నటి దారం, వేటితోనూ ఫలితం లేకపోయింది. దారం ఒక మూల ఎమల్షన్‌ను (బొమ్మ ఉండే పైపూతను) లేపేసింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

చివరికి పనిచేసింది నీళ్లే. ముందుగా అద్దం మీదుగానే స్కాన్ చేసి పెట్టుకొని, వెనుకనున్న ముద్ర సిరా కరుగుతుందేమోనని ఒక చివర తడి దూది అద్ది చూశాను. తరువాత ట్రేలో చల్లటి డిస్టిల్డ్ వాటర్ పోసి, అద్దం అడుగున, ఫోటో పైన ఉండేలా పూర్తిగా ముంచి, సుమారు రెండు గంటలు కదపకుండా ఉంచాను. ఆ పూతలోని జెలటిన్ అనే జిగురు పదార్థం నీటిని పీల్చి ఉబ్బితే పట్టు సడలుతుంది కనుక, అంచును పైకి ఎత్తకుండా నీటిలోనే మెల్లగా పక్కకు జరిపేసరికి బొమ్మ మొత్తం జారి వచ్చింది. తడి ఎమల్షన్ గోరు తగిలినా చిరిగేంత మెత్తగా ఉంటుంది కాబట్టి, ముఖభాగాన్ని ముట్టుకోకుండా, బొమ్మ పైకి ఉండేలా నూలుగుడ్డపై నీడన ఆరబెట్టి, బాగా ఆరాక బ్లాటింగ్ పేపర్ల మధ్య పుస్తకాల బరువు కింద ఉంచాను.

ఇది జెలటిన్ సిల్వర్ ప్రింటుకు (జెలటిన్ పూతలోని వెండి రేణువులతో బొమ్మ ఏర్పడే నలుపు తెలుపు ఫోటోకు), అదీ నా దగ్గరున్న ఒక్కదానికి, కుదిరిన పద్ధతి. చేత్తో రంగులద్దినవాటికి, సిరా సంతకాలున్నవాటికి, బూజు పట్టినవాటికి, ఇంక్‌జెట్ ప్రింట్లకు దయచేసి దీన్ని ప్రయత్నించవద్దు.