కోరాపుట్ చలిలో చేపల తొట్టికి హీటర్

కోరాపుట్ కొండల మీద డిసెంబరు రాత్రులు చేపలకు గడ్డుకాలం. తొట్టికి దుప్పటి కప్పితే చాలన్న మా అత్తగారి సలహాకు ఒక దండం. మాది 60 లీటర్ల తొట్టి, 75 వాట్ల హీటర్ సరిపోతోంది. దాన్ని ఫిల్టరు నీళ్లు వదిలే చోటికి దగ్గరగా, వెనక గాజుకు అడుగున అడ్డంగా అతికించాను. పారే నీరే వేడిని మూలమూలకూ మోసుకుపోతుంది. గులకరాళ్లకు తగలనివ్వకండి, హీటర్ గొట్టం పగలవచ్చు. కొన్ని రకాలను అడ్డంగా, పూర్తిగా ముంచకూడదు. డబ్బా మీద చదవండి. థర్మామీటరు ఎదురు చివరనే ఉండాలి, హీటర్ పక్కన పెడితే అది చెప్పేదంతా గొప్పలే. మా గప్పీ చేపలకు 25 డిగ్రీలు చాలు. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి పైకి వెళ్లాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా నేల మీదే పడుతుంది. నీళ్లు మార్చే ముందు ప్లగ్గు తీసి అరగంట ఆగండి.