‘కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి’ అని కార్పొరేషన్ ప్రకటిస్తే ఏం చేయాలి?

విజయవాడలోగానీ గుంటూరులోగానీ పైపులైను పగిలినా, తాగునీటిలో మురుగు కలిసిందన్న అనుమానం వచ్చినా, వరద తర్వాత కృష్ణ నీరు బురదగా వస్తున్నా, కాచి చల్లార్చిన నీటినే తాగాలని నగరపాలక సంస్థ ప్రకటిస్తుంది. మైకు ఆటో వీధి మలుపు తిరిగేసరికి అందరికీ గుర్తుండేది ‘కాచి’ అన్న ఒక్క మాటే. ఏ నీళ్లు, ఎందుకు, ఎప్పటి దాకా అన్నవి ఎవరూ పట్టించుకోరు. కుళాయి నీటిలో మురుగు కలిస్తే ఏమవుతుందో 2018 మార్చిలో గుంటూరు చూసింది. అతిసారంతో ప్రాణాలు పోయాయి. అందుకని ఈ ప్రకటనను చెవిన వేసుకోవడం కాదు, చదవడం నేర్చుకోవాలి.

ముందుగా ప్రకటన పూర్తి పాఠాన్ని సంపాదించండి. వార్డు సచివాలయంలో అడగవచ్చు, దినపత్రిక జిల్లా పేజీలో వెతకవచ్చు. అందులో మొదట చూడవలసింది ఏం చేయమన్నారన్నది. ‘కాచి తాగండి’ అంటే అనుమానం సూక్ష్మక్రిముల మీద. వాటిని వేడి చంపుతుంది. ‘తాగవద్దు’, ‘వాడవద్దు’ అని ఉంటే రసాయనమేదో కలిసిందని అనుమానం కావచ్చు. అప్పుడు కాచడం వల్ల మేలు లేకపోగా కీడే జరుగుతుంది. ఆవిరైపోయేది నీరే గనుక ఫ్లోరైడు, నైట్రేటు, లవణాల వంటివి మిగిలిన నీటిలో మరింత చిక్కబడతాయి. ఈ రెండింటినీ ఒకటిగా భావించేవారు చాలామంది ఉన్నారు.

తర్వాత ప్రాంతం చూడండి. ఇటువంటి ప్రకటనల్లో వీధుల పేర్ల కంటే రిజర్వాయరు పరిధి, డివిజన్ నంబర్లే ఎక్కువగా ఉంటాయి. ఒకే రోడ్డుకు అటువైపు ఇళ్లకు ఒక రిజర్వాయరు నుంచి, ఇటువైపు ఇళ్లకు మరొక దాని నుంచి నీళ్లు రావచ్చు. మీ ఇంటికి ఏది వర్తిస్తుందో సచివాలయంలో నీటి సరఫరా వంటి సౌకర్యాలు చూసే వార్డు అమెనిటీస్ కార్యదర్శిని ఇవాళే అడిగి రాసిపెట్టుకోండి. అనుమానం తీరనంత వరకు మీ ఇల్లు కూడా ఆ పరిధిలో ఉన్నట్టే లెక్క.

‘నేటి నుంచి’ అన్న మాటను నమ్ముకోవద్దు. నమూనాలో బాక్టీరియా ఉన్నదీ లేనిదీ ప్రయోగశాలలో తేలడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ఈ రోజు ప్రకటన వచ్చిందంటే నిన్న మీ సంపులో నిండిన నీటికి కూడా అది వర్తిస్తుంది.

ఇక కాచడంలో పెద్ద విద్యేమీ లేదు. నీరు బురదగా ఉంటే ఒక పూట తేరనిచ్చి, శుభ్రమైన నూలుగుడ్డను నాలుగు మడతలు వేసి వడకట్టి, పొయ్యి మీద పెట్టండి. గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు అంటుకోగానే స్టవ్ ఆపేస్తుంటారు. అవి నీటిలో కరిగి ఉన్న గాలి బయటికి రావడమే తప్ప మరగడం కాదు. గిన్నెలోని నీరంతా సలసలా పొర్లుతున్నప్పటి నుంచి ఒక నిమిషం చాలు. రెండు వేల మీటర్లకు పైనున్న కొండ ఊళ్లలో మూడు నిమిషాలు కావాలి గానీ, మన రెండు ఊళ్లూ సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్నవే గనుక ఇరవై నిమిషాలు మరిగించి గ్యాస్ తగలేయనక్కర్లేదు.

మూత పెట్టి చల్లార్చి, కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములోనే నిల్వ చేయాలి. బిందెలో చెంబు ముంచే ఇంట్లో కాచిన ఫలితం దక్కదు. మరిగేటప్పుడు నీటిలోని క్లోరిన్ కూడా పోతుంది కాబట్టి, కాచిన నీటిలో మళ్లీ క్రిమి పడితే ఆపేది ఏదీ ఉండదు. ఏ రోజు నీళ్లు ఆ రోజే వాడుకోండి. పళ్లు తోముకోవడానికి, పసిపిల్లల పాలసీసాలు కడగడానికి, పచ్చిగా తినే కీర, కొత్తిమీర కడగడానికి, అందరూ మరిచిపోయే మజ్జిగలోకి కూడా ఈ నీళ్లే వాడాలి. అన్నం, పప్పు ఎలాగూ పొయ్యి మీద మరుగుతాయి గనుక వాటికి విడిగా కాచనవసరం లేదు.

ఆర్వో ఉంది కదా అనేవారికి ఒక మాట. ఆ యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు సర్వీసు చేయించారో, పొరలో ఎక్కడైనా చిల్లు పడిందో మీకు తెలియదు. అతినీలలోహిత దీపం ఉన్న యంత్రాల్లో నీటిలోని మడ్డే క్రిములకు అడ్డుగా నిలిచి ఆ కిరణాలను తగలనివ్వదు. పొయ్యి మీద పొర్లుతున్న నీళ్లు కంటికి కనిపిస్తాయి. ప్రకటన ఉన్నన్నాళ్లూ ఆర్వో నీటినైనా కాచే తాగాలి.

అసలు కష్టం ప్రకటన ఎత్తేసిన రోజున మొదలవుతుంది. అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి తొందరపడకుండా చదవండి.

కార్పొరేషన్ మాట మీ గుమ్మం ముందు కుళాయి దాకానే వర్తిస్తుంది. మీ సంపులో, మేడ మీది ట్యాంకులో, రెండింటి మధ్య పైపుల్లో ఉన్నది ఇంకా పాత నీరే. దాని మీదే కొత్త నీరు పట్టుకుంటే మంచి నీరు కూడా చెడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పటిలా వరద నీరు సంపులోకే చేరిన ఇళ్లలో ఈ పని ఇంకా ముఖ్యం.

ముందుగా, ప్రకటన ఎత్తేశారని ఎవరో అంటే సరిపోదు. చివరి వీధుల కుళాయిల దగ్గర తీసిన నమూనా ఫలితం వచ్చిందా, అక్కడ క్లోరిన్ ఎంత ఉందో చూశారా అని సచివాలయంలో అడగండి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని, నూరు మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలై బాక్టీరియా అసలు కనిపించకూడదని మన దేశ తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 చెబుతుంది. నీరు తేటగా ఉందన్నది ఫలితం కాదు.

ఆ తర్వాత వచ్చే మొదటి విడత నీటిని సంపులోకి వదలవద్దు. కొన్ని నిమిషాల పాటు బయటికి పోనిచ్చి, తేటపడ్డాకే పట్టండి. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగడం ఆ రోజున ఎంతమాత్రం చేయకూడదు. పైపులో ఒత్తిడి పడిపోతే, కాలువలో మునిగి ఉన్న అతుకుల సందుల్లోంచి మురుగు లోపలికి వస్తుంది. మీ ఒక్క మోటారు వల్ల వీధంతా ఆ నీరే తాగవలసి వస్తుంది.

అప్పుడు సంపునూ ట్యాంకునూ ఖాళీ చేసి, గోడలూ అడుగూ బ్రష్‌తో రుద్ది, మళ్లీ నింపండి. వెయ్యి లీటర్లకు సుమారు 150 గ్రాముల కొత్త బ్లీచింగ్ పౌడరును బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీటిని మాత్రమే పోయాలి. ఇంట్లో ప్రతి కుళాయినీ ఘాటు వాసన వచ్చే దాకా తిప్పి కట్టేసి, ఒక రోజంతా అలా ఉంచి, ఆ నీటిని పూర్తిగా పారబోయాలి. అది తాగే నీరు కాదు, స్నానానికీ పనికిరాదు. బ్లీచింగ్‌లో యాసిడ్ గానీ బాత్‌రూమ్ క్లీనర్ గానీ కలపకండి, విషవాయువు పుడుతుంది. సంపులోకి ఒంటరిగా ఎవరూ దిగకూడదు. మూత చాలాసేపు తీసి ఉంచి, పైన ఒక మనిషిని నిలబెట్టాకే దిగాలి.

చివరగా ఆర్వో కార్ట్రిడ్జీలు మార్చి, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఐసు పారేయండి. ఇవన్నీ పూర్తయి, కొత్త నీరు పట్టుకునే దాకా పొయ్యి మీది గిన్నె దించకండి.