కాఫీ గ్రైండర్ శుభ్రం చేయడానికి విప్పే ముందు

పైన మిగిలిన గింజలు తీసేసి, రెండు క్షణాలు ఖాళీగా తిప్పండి. తర్వాత ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, వేళ్లు పెట్టేది గింజల్ని నలిపే ఉక్కు పళ్ల మధ్య.

ఫిల్టర్ కాఫీకి పొడి సైజు ఏ నంబరు మీద ఉందో ఫొటో తీసుకోండి.

నీళ్లు తగలనివ్వకండి, ఉక్కు పళ్లు తుప్పు పడతాయి. మా మల్లేశ్వరం ఇంట్లో వానల్లో తడిగుడ్డతో తుడిచాను. మూలల్లో పొడి ముద్దకట్టింది. గోటితో గీకితే నల్లటి జిడ్డు, కాగిన పాత నూనె కంపు. డికాక్షన్‌ని పాడుచేసేది ఆ జిడ్డే. పొడి బ్రష్షే వాడండి, చిన్న పెయింట్ బ్రష్ అయినా సరే.

చికోరీ ఇందులో వేయొద్దు. గాలిలో చెమ్మ లాక్కుని అంటుకుపోతుంది. పొడి పట్టాక విడిగా కలుపుకోండి.

శుభ్రం కావడానికి బియ్యం పోసి తిప్పమని ఎవరైనా చెప్తారు. పళ్ల గ్రైండర్‌లో వద్దు, మోటారుకు భారం.