లారీ ఈసీఎం పోయిందంటున్నారా? మార్చే ముందు ఎర్త్ కొలవండి

పాత కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే ఇంజిన్) లారీ, అంటే బీఎస్ 3, బీఎస్ 4 పొగ నిబంధనల కాలం నాటి బండి, దారిలో ఉన్నట్టుండి ఆగిపోయి కాసేపటికి దానంతట అదే స్టార్ట్ అయిందంటే చాలు, "ఈసీఎం పోయింది" అనే మాట ముందు వినిపిస్తుంది. ఈసీఎం అంటే ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటర్ పెట్టె. ఈసీఎం రాసుకున్న తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే కనెక్ట్ కాదు, ఒకవేళ కనెక్ట్ అయితే ఒకదానితో ఒకటి సంబంధం లేని కోడ్‌లు బోలెడు కనిపిస్తాయి. ఓనర్ పాపం ఎక్కడో డబ్బు సర్దుకుని కొత్తదో, స్క్రాప్‌లో దొరికినదో తెచ్చి వేయిస్తాడు. కొన్నాళ్లు బాగా నడుస్తుంది, తర్వాత మళ్లీ అదే గొడవ. అలా తీసి పక్కన పడేసిన ఈసీఎంలను మంచి వైరింగ్ ఉన్న బండికి తగిలించి చూస్తే చాలావాటిలో ఏ లోపమూ ఉండదు. మల్టీమీటర్ వాడటం, కప్లర్ విప్పడం మీకు వచ్చనుకునే చెబుతున్నాను.

ముందు బ్యాటరీలు

24 వోల్టుల బండి కాబట్టి రెండు బ్యాటరీలూ విడివిడిగా కొలవాలి. ఒకటి 12.6, ఇంకోటి 11.8 ఉన్నా రెండూ కలిపితే మీటర్ 24.4 చూపిస్తుంది, బాగానే ఉందనుకుంటాం, సెల్ఫ్ కొట్టగానే ఆ నీరసంగా ఉన్నది పడిపోతుంది. పాటల సిస్టమ్ కోసం ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగిన బండ్లలో ఇది మామూలే. తర్వాత ఈసీఎం ఫ్యూజులు, మెయిన్ రిలే. అదే నంబరు రిలే పక్కనే ఇంకోటి ఉంటే మార్చి పెట్టి చూడండి, నిమిషం పని. తాళం తిప్పగానే ఇంజిన్ చెక్ లైట్ అసలు వెలగకపోతే బల్బు సంగతి చూసుకుని, ఈసీఎంకు కరెంటు అందుతోందా లేదా అన్నది తేల్చండి. అది తేలకుండా స్కానర్ ముందు కూర్చుని లాభం లేదు.

అసలు దొంగ: ఎర్త్

ఎర్త్ అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వచ్చే దారి. బ్యాటరీ నెగటివ్ నుంచి ఛాసిస్‌కు ఒక కేబుల్, ఛాసిస్ నుంచి ఇంజిన్‌కు ఒక జడ పట్టీ, ఈసీఎంకు విడిగా ఎర్త్ వైర్లు, కొన్ని బండ్లలో మధ్యలో ఐసోలేటర్ స్విచ్ (బ్యాటరీ కరెంటును పూర్తిగా ఆపేది) కూడా. ఈ దారిలో ఎక్కడ చిలుము పట్టినా, నట్టు వదులైనా, లగ్ (కేబుల్ చివరి రింగు) కింద రంగు ఉన్నా, బయటికి కనిపించే లక్షణాలు అచ్చం ఈసీఎం పోయినట్టే ఉంటాయి.

ఎందుకంటే సెల్ఫ్ మోటర్ వందల ఆంపియర్లు లాగుతుంది, ఆ కరెంటంతా ఎర్త్ దారిలోనే బ్యాటరీకి తిరిగి రావాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ దగ్గర 19 వోల్టులు ఉన్నాయనుకోండి. ఎర్త్ వైపు 3, పాజిటివ్ వైపు 2 దారిలోనే పోతే ఈసీఎంకు మిగిలేది 14. అది ఆగి మళ్లీ మొదలవుతుంది, సెన్సర్ల లెక్కలు తప్పుతుంది, మిగతా కంట్రోలర్లతో మాట తెగిపోతుంది, దొరికిన కోడ్‌లన్నీ రాసి పెట్టుకుంటుంది. రన్నింగ్‌లో అయితే గుంతలో పడ్డప్పుడో, ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడో బండి ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ నడుస్తుంది కాబట్టి అందరూ "ఈసీఎం వేడికి పోతోంది" అని తేల్చేస్తారు.

కొత్తది వేస్తే కొన్నాళ్లు ఎందుకు నడుస్తుంది మరి? మార్చేటప్పుడు బ్యాటరీ టెర్మినల్స్ విప్పి బిగిస్తారు, కప్లర్లు పీకి పెడతారు, వైరింగ్ అటూ ఇటూ కదులుతుంది. ఆ కదలికకే చిలుము కాస్త రాలి తాత్కాలికంగా కాంటాక్ట్ కుదురుతుంది. పేరు మాత్రం కొత్త ఈసీఎంకు వస్తుంది. మళ్లీ చెడినప్పుడు "ఇది కూడా డూప్లికేట్" అంటూ మూడోదాని కోసం వెతుకుతారు.

దయచేసి ఎర్త్‌ను బజర్ పెట్టి చూడకండి. కేబుల్‌లో పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా బజర్ మోగుతుంది, ఓమ్స్‌లో సున్నా చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ పంపే కరెంటు మరీ తక్కువ. లోడ్ మీద, అంటే కరెంటు గట్టిగా పారుతున్నప్పుడు, వోల్టులే కొలవాలి. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీద పెట్టండి, లగ్ మీద కాదు, సీసం పోస్ట్ మీదే. ఎర్ర ప్రోబ్‌ను ఈసీఎం కప్లర్‌లో ఎర్త్ పిన్నుకు వెనక వైపు నుంచి సన్న సూదితో ఆనించండి, ముందు నుంచి గుచ్చితే పిన్ను సాగిపోయి కొత్త జబ్బు మొదలవుతుంది. ఇప్పుడు ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు ఉంటే సరే. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. ఎర్ర ప్రోబ్‌ను ఇంజిన్ బ్లాక్ మీదికి, తర్వాత ఛాసిస్ మీదికి, ఐసోలేటర్ నెగటివ్ వైపు ఉంటే దానికి అటూ ఇటూ మార్చుతూ పోతే ఎక్కడ వోల్టులు ఎగిరాయో అక్కడే తప్పు. పాజిటివ్ వైపూ ఇలాగే, బ్యాటరీ ప్లస్ పోస్ట్ నుంచి ఈసీఎం సప్లై పిన్ను వరకు.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బాడీ కట్టించుకునో, ఛాసిస్‌కు కొత్త రంగు వేయించుకునో వచ్చిన బండి అయితే ముందు ఎర్త్ బోల్ట్ కిందే చూడండి. రంగు మీదే లగ్ పెట్టి బిగించేస్తారు. లగ్ తీసి, ఎమ్రీ పేపర్‌తో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, కొత్త స్టార్ వాషర్ వేసి గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు రాయండి, ముందే కాదు. ఆకుపచ్చగా మారిన కేబుల్‌ను కడిగి వాడొద్దు, కొత్తదే వేయండి. వెల్డింగ్ చేయించేటప్పుడు రెండు బ్యాటరీ టెర్మినల్స్, ఈసీఎం కప్లర్లు విప్పించి, వెల్డింగ్ ఎర్త్ క్లాంప్‌ను అతికే చోటుకు దగ్గరలోనే పెట్టించండి. బాగున్న ఈసీఎం నిజంగా చచ్చే ప్రమాదం ఇక్కడ ఉంది.

ఎర్త్ బాగుంటే

సెన్సర్లకు వెళ్లే 5 వోల్టుల లైను చూడండి. ఒక్క సెన్సర్ షార్ట్ అయినా ఆ లైను మీదున్నవన్నీ పోయినట్టు చూపిస్తాయి, యాక్సిలరేటర్ పని చేయదు, బండి స్టార్ట్ కూడా కాకపోవచ్చు. ఒక్కో సెన్సర్ కప్లర్ పీకుతూ పోండి, ఏది పీకితే 5 వోల్టులు తిరిగి వచ్చాయో అదే కారణం. స్కానర్ కనెక్ట్ కాకపోతే, బ్యాటరీ తీసేసి క్యాన్ హై, క్యాన్ లో (కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) మధ్య ఓమ్స్ కొలవండి, 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. కప్లర్ లోపల తడి ఉంటే అది పైనుంచే పడిందనుకోవద్దు, ఎక్కడో దూరంగా చర్మం ఊడిన వైరులోంచి లోలోపలే పాకి వస్తుంది. ఎలుకలు కొరకడం, లోపల టంకం పగలడం కూడా ఉంటాయి, చివర్లో చూసుకోవచ్చు.

అన్ని సప్లై, ఎర్త్ పిన్నుల్లో లోడ్ మీద వోల్టులు సరిగా ఉండి, సెన్సర్లన్నీ పీకేసినా, ఆ వైరింగ్‌లో షార్ట్ లేకపోయినా 5 వోల్టులు రాక, స్కానర్‌కూ పలకకపోతే అప్పుడు ఈసీఎం మార్చండి. లేదా ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది), దాని వైరింగ్ బాగుండి కూడా ఈసీఎం నుంచి దానికి డ్రైవ్ కరెంటు రాకపోతే.

మార్చేటప్పుడు

పార్ట్ నంబరు ఒక్క అంకె తేడా లేకుండా కలవాలి. పైకి ఒకేలా ఉన్నా వేరే హార్స్‌పవర్ ఇంజిన్ సాఫ్ట్‌వేర్ ఉన్నదాన్ని వేస్తే పొగ, పికప్ లేకపోవడం, ఇంకా పెద్ద నష్టాలు. పాతది ఇంకా స్కానర్‌కు పలుకుతుంటే ఇంజెక్టర్ కోడ్‌లు (ఒక్కో ఇంజెక్టర్ కొలతను ఈసీఎంకు చెప్పే నంబర్లు) ముందే రాసుకోండి, లేకపోతే ఒక్కో ఇంజెక్టర్ మీద ముద్రించినవి చూసి సిలిండర్ వరుసలో కొత్తదానిలో ఎక్కించాలి. ఎక్కించకపోతే ఐడిల్‌లో ఇంజిన్ కొట్టుకోవచ్చు. ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వనిది) ఉన్న బండికి స్క్రాప్ ఈసీఎం నేరుగా నడవదు, ప్రోగ్రామింగ్ చేసేవాళ్లను ముందే మాట్లాడుకోండి.

తాళం ఆపగానే ఐసోలేటర్ కట్టేయకండి. ఈసీఎం తన లెక్కలు దాచుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది, ఒక నిమిషం ఆగండి. ఇది డ్రైవర్‌కూ చెప్పి పెట్టండి. బిగించేటప్పుడు రబ్బర్ మౌంట్లు, కప్లర్ సీళ్లు పాతవైతే మార్చండి, వైరింగ్‌ను కప్లర్ కంటే కిందికి వంచి పైకి తెస్తే కారిన నీళ్లు వంపు దగ్గరే జారిపోతాయి. తర్వాత కోడ్‌లన్నీ చెరిపేసి, ఎర్త్ వోల్టులు మళ్లీ ఒకసారి కొలిచి, లోడ్‌తో ఒక ట్రిప్ వేయించి వచ్చాక స్కానర్ పెట్టి చూడండి.