కోర్డోబా మసీదు-కెథెడ్రల్‌ను ఫొటో తీయడం ఎలా?

స్పెయిన్‌లోని కోర్డోబా వెళ్లొచ్చిన వాళ్ల ఫొటోలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎరుపు-తెలుపు చారల కమానులు, బారులు తీరిన స్తంభాలు. మొదటి రోజు నేనూ అవే రెండొందలు తీశాను. రాత్రి చూసుకుంటే, ఈ మసీదు నడుమ ఒక చర్చి ఉందన్న సంగతి ఒక్క ఫొటోలోనూ లేదు!

785 ప్రాంతంలో మొదలైన మసీదు 1236లో చర్చి అయింది. 1523లో మధ్యలో కొన్ని స్తంభాలు తీసేసి పెద్ద కెథెడ్రల్ కట్టడం మొదలుపెట్టారు. అందుకే ముందు ఆ రెండూ కలిసే చోటు వెతకండి.

పొద్దున్నే, తెరిచే వేళకు వెళ్లండి. ఇప్పటికీ చర్చి ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి లోపల టోపీ తీసేయండి, షట్టర్ శబ్దం ఆపేయండి. ట్రైపాడ్, ఫ్లాష్ మీద ఆశ పెట్టుకోకండి. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 1600 నుంచి 3200, షట్టర్ వేగం సెకనులో 1/60 వంతు పెట్టి, మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి వదులుతూ నొక్కండి.

ఇప్పుడు అసలు ఫొటో. స్తంభాల మధ్య నుంచి కెథెడ్రల్ వైపు నడిచి, మూడు నాలుగు వరసల ముందే ఆగండి. చారల కమాను ముందు, దాని వెనక తెల్లని ఎత్తైన పైకప్పు రావాలి. చిక్కంతా వెలుతురుతోనే. మసీదు భాగం మసక, కెథెడ్రల్‌లో మాత్రం పైకిటికీల నుంచి వెలుగు ధారగా పడుతుంది. వెలుగున్న చోటుకే ఎక్స్‌పోజర్ సరిచేయండి. చీకటి భాగాన్ని రా ఫైల్‌లో (కెమెరా కుదించకుండా దాచే ఫొటో ఫైల్) తర్వాత లేపుకోవచ్చు, కాలిపోయిన తెలుపు మాత్రం తిరిగి రాదు. ఫోన్‌లోనైతే తెల్లని కప్పు మీద వేలు పెట్టి, వెలుతురు కాస్త కిందికి లాగండి.

తర్వాత దగ్గరకెళ్లి రెండు కమానులు తీయండి. పాత భాగంలో ఎరుపంటే ఇటుక, తెలుపంటే రాయి. 987లో అప్పటి ముస్లిం పాలకుడు అల్‌మన్సూర్ తూర్పువైపు పెంచిన భాగంలో ఆ ఎరుపు చాలావరకు రాతి మీద వేసిన రంగే! పాత భాగంలో స్తంభాల తలలూ చూడండి, ఒకదానికొకటి పొసగవు. రోమన్ల, వాళ్ల తర్వాత స్పెయిన్‌ను ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చినవి మరి.

మిహ్రాబ్ (మసీదులో ప్రార్థన దిక్కును చూపే గోడ గూడు) దగ్గర కటకటాలుంటాయి, జనమూ ఉంటారు. జూమ్ లెన్స్‌తో బంగారు మొజాయిక్ మీది అరబిక్ అక్షరాలు మాత్రమే తీసుకోండి, చాలు.

చివర్లో వేరే టికెట్ కొని గంటల టవర్ ఎక్కండి. దాని లోపల దాగి ఉన్నది పదో శతాబ్దపు మినార్. పైనుంచి చూస్తే బారులుగా పరిచిన పెంకుల కప్పుల్లోంచి కెథెడ్రల్ ఓడలా లేచి కనిపిస్తుంది.