వసంతంలో చుట్టపుచూపుగా బయల్దేరే రిటైర్డ్ దంపతులకు

ఉద్యోగాలున్నన్నాళ్ళూ ఎవరింటికి వెళ్ళినా రెండు రోజుల సెలవు మీదే వెళ్ళేవాళ్ళం కాబట్టి, ఎప్పుడు వెళ్తారు అని అడిగే అవసరం ఎవరికీ రాలేదు. రిటైరయ్యాక వచ్చిన మొదటి వసంతంలో మావారూ నేనూ ఇక తొందరేముంది అనుకుని తిరుగు తేదీ వేసుకోకుండా బయల్దేరాం. నాలుగిళ్ళు తిరగాలని ప్లాను. మూడో ఇంటికి వచ్చేసరికి మావారికి జలుబు, నాకు మోకాళ్ళ నొప్పులు, ఇంటివాళ్ళకి మొహమాటం. ఎన్నాళ్ళుంటారో వాళ్ళు అడగలేరు, మేమూ చెప్పలేదు. అప్పట్నుంచి మా పద్ధతి మార్చుకున్నాం.

వచ్చే తేదీ, వెళ్ళే తేదీ ఒకేసారి చెప్పేయండి. "పన్నెండున సాయంత్రం వస్తాం, పదహారు పొద్దున్నే బయల్దేరతాం" అని ఫోన్లో ఒక్క మాట అంటే అవతలివాళ్ళు వాళ్ళ ఆఫీసు పనులూ పిల్లల ట్యూషన్లూ దానికి తగ్గట్టు సర్దుకుంటారు. అక్కడికి వెళ్ళాక ఇంకో రెండు రోజులుండండి అంటారు. అనే వాళ్ళలో సగంమంది నిజంగానే అంటారు, కానీ ఆ సగం ఎవరో మనకి తెలీదు, అందుకే మేం టికెట్టు మార్చం.

ఎవరిల్లు ముందు, ఎవరిల్లు తర్వాత అనేది చాలామంది దారిని బట్టి తేల్చేస్తారు. నేనైతే దగ్గుని బట్టి తేలుస్తాను. చిన్నపిల్లలున్న ఇంట్లో వారం ఉంటే ఏదో ఒక జలుబు మనకి అంటుకోవడం దాదాపు ఖాయం, దాన్ని మోసుకెళ్ళి డెబ్బై ఏళ్ళు దాటిన స్నేహితుడికి అంటిస్తే అతనికది జలుబుతో ఆగకపోవచ్చు. కాబట్టి పెద్దవాళ్ళ ఇళ్ళు ముందు, మనవలున్న ఇల్లు చివర. వియ్యాలవారిల్లు మధ్యలో పెట్టుకుని రెండు రాత్రులతో సరిపెట్టండి, అంతకన్నా ఎక్కువైతే రెండు వైపులా మర్యాదలతోనే అలిసిపోతారు.

రెండిళ్ళ మధ్య ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం మాత్రం వదలకండి. ఆ రాత్రి ఎవరింట్లోనూ కాకుండా బయట గది తీసుకోవాలి. మావారు మొదట్లో దండగ ఖర్చు అన్నారు. ఇప్పుడు ఆయనే ముందు ఆ గది బుక్ చేస్తున్నారు, ఎందుకంటే ఆ రోజు బట్టలు ఉతుక్కోవచ్చు, కాళ్ళు చాపుకుని మాట్లాడకుండా కూర్చోవచ్చు, మధ్యాహ్నం నిద్రపోతే ఎవరూ వచ్చి "ఒంట్లో బాలేదా" అని అడగరు. మా ఇద్దరికీ చిన్నచిన్న గొడవలేమైనా ఉంటే అవి కూడా ఆ గదిలోనే తేలిపోతాయి, చుట్టాల ముందు గుసగుసగా పోట్లాడుకోవడం కన్నా అది నయం.

వసంతంలో వెళ్ళేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి పిల్లల పరీక్షలు, ఆ ఇంట్లో పరీక్షలుంటే వెళ్ళకండి, అంతే. రెండోది వాతావరణం. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, కాబట్టి ఒక్క మందపాటి కోటు కన్నా పల్చటి బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే వేడెక్కినప్పుడు తీసేయొచ్చు. చెట్ల పుప్పొడి గాలిలో తిరిగే కాలం కూడా ఇదే. తుమ్ములొస్తున్నాయని అక్కడ దొరికిన అలర్జీ మాత్ర వేసుకోకండి, పాత రకం వాటితో మగత వస్తుంది, ఈ వయసులో ఆ మగతలో బాత్రూమ్‌కి వెళ్తూ పడిపోయే ప్రమాదం ఉంది. మీకు పడే మాత్ర ఏదో బయల్దేరే ముందే డాక్టర్ని అడిగి రాయించుకోండి. మూడోది గడియారం, విదేశాల్లో ఉన్న చుట్టాల దగ్గరికి వెళ్తే. అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో చాలా దేశాల్లో మార్చి చివరి ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు. ఫోను దానంతటదే మారుతుంది, చేతి గడియారం మారదు, ఆ ఆదివారం పొద్దున బండి గానీ విమానం గానీ ఉంటే మళ్ళీ చూసుకోండి.

మందుల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ప్రయాణం పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఎన్ని రోజులకి వెళ్తున్నారో దానికి ఇంకో వారం కలిపి తీసుకోండి. మందుల చీటీలో కంపెనీ పెట్టిన పేరు కాకుండా అసలు మందు పేరు రాయించుకోండి, వేరే ఊళ్ళో ఆ కంపెనీ దొరక్కపోయినా మందు దొరుకుతుంది. మందులన్నీ చేతిసంచీలోనే ఉండాలి. ఇన్సులిన్ అయితే మరీను, విమానం కింది లగేజీలో పెడితే గడ్డకట్టి పాడయ్యే అవకాశం ఉంది. పవర్ బ్యాంకు కూడా చేతిసంచీలోనే, 100 వాట్ అవర్ (అందులో పట్టే కరెంటు కొలత, Wh) లోపు ఉంటే మామూలుగా ఇబ్బంది ఉండదు. దారిలో బాత్రూమ్ దొరకదని బీపీకి వేసుకునే నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) సొంతంగా మానేయకండి, ఏ టైముకి మార్చుకోవచ్చో డాక్టర్ చెప్తారు. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, గంటకోసారైనా లేచి నడవండి, లేవలేకపోతే కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించండి.

తెలియని ఇంట్లో రాత్రి లేచినప్పుడు స్విచ్ ఎక్కడుందో తెలీదు. చిన్న టార్చి దిండు పక్కన పెట్టుకుని, వెళ్ళిన సాయంత్రమే మంచం నుంచి బాత్రూమ్ దాకా ఒకసారి లైట్లు ఆర్పి నడిచి చూడండి. పిల్లలు నవ్వుతారు. నవ్వనీయండి. సోఫాలో పడుకోమంటే మొహమాటపడకుండా నడుం పట్టేస్తుందని చెప్పేయండి, మీరు చెప్పకపోతే నాలుగు రోజులూ అక్కడే.

ఇంటి తాళం వేసేముందు నీళ్ళ మెయిన్ వాల్వ్ కట్టేయడం, ఒక తాళంచెవి పొరుగువాళ్ళకి ఇవ్వడం అందరికీ తెలిసినవే.

చుట్టాలింటి నుంచి బయల్దేరేటప్పుడు మంచం కింద, బాత్రూమ్ తలుపు వెనక, ప్లగ్గుల దగ్గర, ఫ్రిజ్‌లో చూసుకోండి. మావారి ఇన్సులిన్ పెన్నులు ఒకసారి స్నేహితుడి ఫ్రిజ్ తలుపులో ఉండిపోయాయి, మూడు గంటల దూరం వెళ్ళాక గుర్తొచ్చింది. ఇప్పుడు మేం సూట్‌కేసు తాళంచెవి కూడా ఆ పెన్నుల పక్కనే, అదే కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాం. చల్లటి తాళంచెవి తెచ్చి సూట్‌కేసు మూశామంటే పెన్నులూ చేతికొచ్చినట్టే.