గుర్రం అడుగు ముందుకు వేయకపోతే: నొప్పి ఎక్కడుందో పట్టుకోవడం

మూఢం పోయి ముహూర్తాలు మొదలైన మొదటి వారంలోనే నాకు ఫోన్లు ఎక్కువ వస్తాయి. మిర్యాలగూడ నుంచి ఒకరు, దేవరకొండ నుంచి ఒకరు. అందరిదీ ఒకటే మాట: "అన్నా, గుర్రం అడుగు ఏస్తలేదు, మొండికేసింది." మాది బరాత్‌కు గుర్రాలు తిప్పే ఇల్లు, తాత మహబూబ్‌నగర్‌లో జట్కా తోలేవాడు. మొండి అని నా దగ్గరకు తెచ్చిన గుర్రాల్లో చాలావాటికి ఏదో ఒకచోట నొప్పి దొరికింది.

ఇది తెలియడానికి నాకూ ఒక దెబ్బ పడింది. నల్గొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర, బ్యాండ్ మంచి ఊపులో ఉండగా మా ఎర్ర ఆడగుర్రం ఆగిపోయింది. రెండు తగిలించాను. వెనక్కి నడిచింది తప్ప ముందుకు రాలేదు. పెళ్లికొడుకు దిగి నడిచి పోయాడు, వాళ్ల మేనమామ నాకు ఇవ్వాల్సిన డబ్బుల్లో సగమే ఇచ్చాడు. రాత్రి ఇంటికొచ్చి జీను దించి, మఖ్మల్ గుడ్డ తీసి చూస్తే, మెడ దిగిన చోట వీపు మొదట్లో రెండు వేళ్ల వెడల్పున వెంట్రుక రాలి చెమ్మగా ఉంది. చెయ్యి పెడితే కాలింది. వేలితో కొంచెం నొక్కగానే చర్మం వణికి వీపు కిందికి వంచేసింది. జీను లోపలి దూది ఒకవైపు అణగిపోయి, చెక్క నేరుగా ఎముక మీద కూర్చుంది.

ముందు అన్నీ విప్పండి

కారణం వెతకడానికి నేను చేసే మొదటి పని ఇదే. జీను, కళ్లెం, అలంకరణ అన్నీ తీసేసి, ముఖానికి తాడు మాత్రం ఉంచి, గట్టి నేల మీద ఇరవై అడుగులు నడిపించండి. అప్పుడూ నడవకపోతే సమస్య కాళ్లలోనో, కండరాల్లోనో, లేదా ఒళ్లంతా జ్వరంగానో ఉంది. హాయిగా నడిస్తే సామాను ఒక్కొక్కటే తొడుగుతూ పోండి: మొదట కళ్లెం, తర్వాత జీను వదులుగా, తర్వాత కడుపు పట్టీ బిగించి, చివరికి మనిషిని ఎక్కించి. ప్రతిసారీ ఇరవై అడుగులు. ఎక్కడ ఆగిందో అక్కడే వెతకాలి. అరగంట పని, కానీ అడ్వాన్స్ తీసుకుని టెన్షన్‌లో ఉన్నవాడికి ఆ అరగంట దొరకదు. అందుకే ముందురోజే చూసుకోండి.

నొప్పిని భయంతో కలపకండి. డీజే, టపాసులు, కొత్త ఎల్ఈడీ లైట్లు చూసి ఆగిన గుర్రం చెవులు ముందుకు నిక్కబొడిచి, కళ్లు పెద్దవి చేసి, ముక్కుతో బుసకొడుతుంది. ఇంటి దగ్గర మాత్రం మామూలుగా నడుస్తుంది. నొప్పి ఉన్నది చెవులు వెనక్కి వాల్చి, తోక విసురుతుంది, అది ఇంటి దగ్గరా అంతే.

అన్నీ విప్పినా నడవడం లేదు

డెక్క దగ్గర మొదలుపెట్టండి. గుర్రం బరువులో 60 శాతం దాకా ముందుకాళ్ల మీదే పడుతుంది కాబట్టి ముందు అవే. నాలుగు డెక్కలనూ చేత్తో తాకి చూడండి, ఒకటి మిగతా వాటికంటే వేడిగా ఉందా? డెక్కకు పైనున్న కీలు వెనక ఇరుపక్కలా వేళ్లు ఆనించండి. ఆరోగ్యంగా ఉన్న కాలిలో అక్కడ నాడి చాలా తేలిగ్గా అందుతుంది. ధన్ ధన్ అని కొడుతుంటే లోపల వాపు ఉన్నట్టే.

ఒక్క కాలే వేడిగా ఉండి, గుర్రం ఆ కాలు నేల మీద ఆనించలేకపోతే మేకు దిగడమో, రాయి దెబ్బో, లోపల చీము పట్టడమో అయ్యుండొచ్చు. కాలెత్తి మట్టి గీకి చూడండి. నాడా (లాడం) కొట్టి రెండు మూడు రోజులే అయితే అనుమానం మొదట నాడా మేకు మీదే. ప్రాణం ఉన్న చోటికి దగ్గరగా దిగిన మేకు కుంటిస్తుంది. సుత్తితో ఒక్కో మేకు తలమీద మెల్లగా తట్టితే ఏది తగిలిందో కాలు లాక్కుని అదే చెబుతుంది. ఆ మేకు తీయించి, రంధ్రం శుభ్రం చేయించండి. చీము ఉంటే డాక్టర్ కోసి దారి ఇస్తారు, ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్లలో ఎప్సం సాల్ట్ వేసి కాలు ముంచాలి. ధనుర్వాతం గుర్రాలకు తొందరగా వస్తుంది, టీటీ ఇంజెక్షన్ మరచిపోవద్దు. నాడాలు ఎలాగూ ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మార్చాల్సిందే.

రెండు ముందుకాళ్లూ వేడిగా ఉండి, గుర్రం వాటిని ముందుకు చాపి బరువంతా వెనక్కి వేసి నిలబడితే, మలుపు తిప్పితే అసలు కదలకపోతే, అది డెక్క లోపలి పొరల వాపు. పెళ్లి ఇళ్లలో ముద్దుగా పెట్టే అన్నం, లడ్డూలు, గంపెడు శనగలు దీనికి ఒక పెద్ద దారి. నడిపిస్తే చేజేతులా పాడుచేసినట్టే. మెత్తటి ఇసుకలో నిలబెట్టి, కాళ్లు ఐసు నీళ్లలో ఉంచి, వెంటనే డాక్టర్‌ను పిలవండి. ఆలస్యం చేస్తే లోపలి ఎముక జారుతుంది.

కుంటు కనీకనపడనట్టు ఉంటే నెమ్మదిగా పరుగెత్తించి, ఎదురుగా నిలబడి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. నొప్పి ఉన్న ముందుకాలు నేల తాకినప్పుడు తల పైకెత్తుతుంది, మంచి కాలు పడ్డప్పుడు దించుతుంది. ఏ కాలో తెలియాలంటే ముందుగా నొప్పి మాత్రలు వేయకండి, దొంగ దాక్కుంటాడు.

కాళ్లు చల్లగానే ఉన్నాయి, కానీ బిగుసుకుపోయింది

ఇది మూఢం రోగం. పేరు నేను పెట్టిందే. నెలరోజులు కట్టేసి, దాణా మాత్రం తగ్గించకుండా పెట్టి, మొదటి ముహూర్తానికి ఒక్కసారిగా తోలితే, కాసేపటికే చెమటలు పట్టి, పిరుదుల కండరాలు రాయిలా గట్టిపడి నిలిచిపోతుంది. మూత్రం కాఫీ రంగులో వస్తే అనుమానమే లేదు. అక్కడే ఆపండి, నడిపిస్తే వదులవుతుందని అనుకోకండి. నీళ్లు పెట్టి, డాక్టర్‌ను అక్కడికే రప్పించండి. పని లేని రోజుల్లో శనగలు, ఉలవలు తగ్గించి, గడ్డి పెంచి, రోజూ ఓ గంట తిప్పితే ఇది చాలావరకు రాదు.

నీరసంగా ఆగితే థర్మామీటర్ పెట్టండి. 99 నుంచి 101.5 ఫారెన్‌హీట్ వరకు మామూలే. జ్వరం వస్తూ పోతూ, కడుపు కింద, కాళ్లలో నీరు దిగుతుంటే సర్రా కావచ్చు. జోరీగలు మోసుకొచ్చే రోగం ఇది, రక్త పరీక్ష చేయించాలి.

మన జిల్లాకు ఇంకోటి ఉంది, ఫ్లోరైడ్. మునుగోడు, మర్రిగూడ వైపు మనుషులకు చేసినట్టే పశువులకూ చేస్తుంది. పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, ఎగుడుదిగుడుగా అరిగిన పళ్లు, కాలి ఎముకల మీద గట్టి బుడిపెలు, ఏ కాలని చెప్పలేని బిగుసు నడక. ఏర్పడిన బుడిపె పోదు, నీళ్లు మారిస్తే పెరగడం మాత్రం ఆగుతుంది. ఇంట్లోవాళ్లు మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగుతూ గుర్రానికి రోజూ ముప్పై లీటర్లు బోరు నీళ్లు పట్టడం నేను చూశాను.

కళ్లెం పెట్టగానే ఆగుతోంది

పై దవడ పళ్ల బయటి అంచులు బుగ్గను, కింది పళ్ల లోపలి అంచులు నాలుకను కోస్తాయి. మేత సగం నమిలి ఉండలుగా పడేస్తుంటే, తల ఒకవైపు వంచుతుంటే ఇదే. ఏడాదికోసారి డాక్టర్ చేత పళ్లు ఆకురాయించాలి. ఇక ముళ్ల కళ్లెం వాడేవాళ్లకు ఒక మాట: 1965 నాటి కేంద్ర నిబంధనలు దాన్ని నిషేధించాయి. గుర్రాన్ని ఆపడానికి చేసిన వస్తువు పెట్టి ముందుకు పొమ్మంటే ఎలా పోతుంది?

జీను వేశాక, పట్టీ బిగించాక

జీను తీశాక చెమట మరకలు చూడండి. చుట్టూ తడిగా ఉండి మధ్యలో పొడి మచ్చ ఉంటే అక్కడ బరువు నొక్కుతోంది. తెల్ల వెంట్రుకలు పాత గాయం గుర్తు. కొత్త జీను కొనే స్తోమత లేకపోతే దూది మార్పించి, వెన్నెముక మీదుగా గాలి ఆడేలా ఖాళీ ఉంచండి. పట్టీ బిగించేటప్పుడే కరవబోతే చంకలో పుండో, కడుపులో అల్సరో అయ్యుండొచ్చు. సాయంత్రం బరాత్ ఉందని పొద్దుట్నుంచీ పస్తు పెట్టకండి, పోయే ముందు కొంచెం గడ్డి తిననివ్వండి.

ఏది తేలకపోయినా 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. కాలికి ఎక్స్‌రే కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాలి.

మా ఎర్రదానికి పుండు మూడు వారాల్లో మానింది. అయినా జీను చూస్తే మరో నెల దాకా వెనక్కే అడుగు వేసేది. రోజూ ఒట్టి గుడ్డ వేసి, చేతిలో బెల్లం ముక్క పెట్టుకుని వాకిట్లో తిప్పాను. శివరాత్రి తర్వాత ఒకరోజు, నేను పిలవకముందే నా వెనకాల నడిచి గేటు దాకా వచ్చింది.